కువైట్ సెట్టు

అచ్చిబాబుకు ఒక అలవాటు ఉంది. కౌంటరు మీద ఫోను పెట్టిన మనిషి నోరు విప్పేలోపే, దాని జబ్బేమిటో తానే చెప్పేస్తాడు. నరసాపురం బస్టాండు ఎదురు సందులో ఏళ్ల తరబడి సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నవాడు కాబట్టి చాలాసార్లు అతను చెప్పిందే నిజమవుతుంది. నిజం కానప్పుడు ఏం జరుగుతుందో ఆ సందులో ఎవరికీ తెలియదు. ఎందుకంటే అది అతను చెప్పడు. ఎవరైనా ఏదైనా వివరం చెప్పబోతే, "మీరు కూర్చోండి సార్, సెట్టే నాకు చెప్తుంది" అంటాడు. ఆ మాటకు ముచ్చటపడి వచ్చేవాళ్లు కొందరున్నారు. ఒళ్లు మండి వేరే షాపుకు పోయేవాళ్లు కొందరున్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం అతను.

ఆ గురువారం మధ్యాహ్నం భోజనం చేసి చేయి కడుక్కుంటుండగా సంపూర్ణమ్మ వచ్చింది. మొగల్తూరు రోడ్డులో ఒక పల్లె ఆమెది. యాభై దాటిన మనిషి. చేతిసంచిలో సగం అల్లిన లేసు, దారపుండ, చేతిరుమాలులో మూటకట్టిన ఫోను. రుమాలు విప్పి ఫోను కౌంటరు మీద పెట్టింది. తెర మీద కంపెనీ బొమ్మ వెలుగుతోంది, ఆరిపోతోంది, మళ్లీ వెలుగుతోంది.

"అప్‌డేట్ అవుతుంటే మధ్యలో ఆగిపోయింది. చార్జింగ్ లేదు, కరెంటు పోయింది. అంతేగా?" అన్నాడు అచ్చిబాబు చేతులు తుడుచుకుంటూ.

సంపూర్ణమ్మ ఆశ్చర్యపోయింది. "అంతేనండి. మీకెలా తెలిసింది?"

"సాఫ్ట్‌వేర్ కొట్టాలి. రేపు రండి."

"రేపు కుదరదు బాబూ. ఇవాళే కావాలి. అందులో ఉన్నది పోకూడదు."

"ఫోటోలేనా? అందరూ అదే అంటారండి. ఫోటోలు పోతే మళ్లీ దిగొచ్చు."

"ఫోటోలు కాదు. అందులో మా చెల్లెలుంది" అంది సంపూర్ణమ్మ.

అచ్చిబాబు నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

చెల్లెలి పేరు ప్రిస్కిల్లా. ఇంటిపనికి కువైట్ వెళ్లింది. మొదటి ఇంటివాళ్లు మంచివాళ్లే. వాళ్లు దేశం విడిచిపోతూ ఆమెను మరో ఇంటికి అప్పగించారు. ఆ రెండో ఇంట్లో పాస్‌పోర్టు లాక్కున్నారు, జీతం ఆపేశారు, చేయి చేసుకుంటున్నారు. గేటు దాటి బయటికి పంపరు. నరసాపురంలోనే ఉండే చంద్రరావుగారు గల్ఫ్‌లో చిక్కుకున్న ఆడవాళ్ల కోసం తిరిగే మనిషి. ఆయన అక్కడి మన జిల్లావాళ్లతో మాట్లాడి, ఎంబసీకి అర్జీ పెట్టించి, పోలీసుల దాకా అన్నీ సిద్ధం చేశారు. లేనిదల్లా ఒక్కటే. ఆ ఇల్లు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ప్రిస్కిల్లాకు ఆ వీధి పేరు చదవడం రాదు. చివరికి పక్కింటి డ్రైవరొకడు గోడ మీదుగా నేర్పిస్తే, తానున్న చోటు తెలిసేలా లొకేషన్ పంపింది. దాంతోపాటు ఒక మాట కూడా రికార్డు చేసి పంపింది. తనను ఎడారిలో ఎక్కడో దూరంగా ఉన్న వాళ్ల బంధువుల తోటకు పంపించేస్తారట. వెళ్తే ఇక ఫోనుండదట.

"మొన్న రాత్రి ఆ మాట విన్నాను. ఆ మ్యాపు బొమ్మ చూశాను. తెల్లారగానే తీసుకెళ్లి చంద్రరావుగారికి చూపిద్దామనుకున్నాను. ఆ రాత్రే ఫోనులో ఏదో అడిగింది. చదవకుండా సరే అని నొక్కేశాను. అంతే, అప్పట్నుంచీ ఇదే బొమ్మ" అంది సంపూర్ణమ్మ. "రేపు శుక్రవారం. అక్కడ సెలవంట. ఇవాళ అక్కడ ఆఫీసులు కట్టేసేలోపు ఆ చోటు చెప్పాలంటున్నారు. మా ఊళ్లో ఇద్దరికి చూపించాను, మావల్ల కాదన్నారు."

"మీరే ఆవిడకి ఫోన్ చేసి మళ్లీ పంపమనొచ్చుగా?"

"చేయకూడదు బాబూ. దాని ఫోను బియ్యం డబ్బాలో దాచుకుంటది. మోగిందంటే దొరికిపోతది. అదే తీసి, అదే మాట్లాడి, అదే కట్టేస్తది."

"సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేశారా?"

"మావాళ్లు వేద్దామన్నారు. నేనే వద్దన్నాను."

"మంచి పని చేశారు. పాత మెసేజీలు ఈ సెట్టులోనే ఉంటాయి. ఈలోగా ఆవిడ పంపినవేమైనా ఉంటే, అవీ ఇందులో అయితేనే సరిగా దిగుతాయి." అచ్చిబాబు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "కూర్చోండమ్మా. నా టేబుల్ ఎక్కాక లేవని సెట్టు లేదు."

ఆ మాట అతను రోజూ అనేదే.

ఫోనులోని బోర్డుకు తానేమిటో తనకు తెలియదు. తెర ఎలా వెలిగించాలి, టవరుతో ఎలా మాట్లాడాలి, బ్యాటరీ ఎలా వాడుకోవాలి, అన్నీ చెప్పే ప్రోగ్రాం ఒకటి లోపల ఉండాలి. దాన్నే ఫర్మ్‌వేర్ అంటారు. అది చెడితే కంప్యూటరుకు తీగ తగిలించి, కంపెనీ తయారుచేసిన ఫైలుతో మళ్లీ ఎక్కించాలి. నరసాపురంలో దీన్నే సాఫ్ట్‌వేర్ కొట్టడం అంటారు. కొట్టడానికి రెండు దారులున్నాయి. మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించడం సులువు, ఇబ్బందే ఉండదు. షాపులవాళ్లు చేసేది దాదాపు ఎప్పుడూ అదే, అచ్చిబాబు చేసేదీ అదే. రెండోది, ఫోను సొంతదారు సామానున్న గదిని ముట్టుకోకుండా మిగతా ఇల్లంతా మార్చడం. ఆ సామాను గదికి తాళం ఉంటుంది. ఎక్కించే ప్రోగ్రాం సరైనది కాకపోతే ఆ తాళం ఇక తెరుచుకోదు.

అతని ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో పోయింది. ప్లగ్గు మీదే నడుస్తుంది. మధ్యలో కరెంటు పోతే గోరుచుట్టు మీద రోకటిపోటే. అందుకే సాఫ్ట్‌వేర్ కొట్టే ముందు లైన్‌మన్ బంగార్రాజుకు ఫోన్ చేయడం అతని ఆనవాయితీ.

"ఏంటి బంగార్రాజుగారూ, మా సందులో కరెంటుంటుందా?"

"ఉండదు బాబూ. స్తంభాల మీద పని ఉంది, ఎల్సీ తీసుకున్నాం. కాసేపట్లో ఆపేస్తాం. సాయంత్రానికే మళ్లీ వచ్చేది" అన్నాడు బంగార్రాజు.

ఎల్సీ అంటే ఆ ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు. లైను మీద మనుషులెక్కుతారు, కరెంటు కట్. ఇక ఎవరు బతిమాలినా రాదు. అచ్చిబాబు గబగబా ల్యాప్‌టాప్ తెరిచాడు. ఫోను తిప్పి వెనక అట్ట మీద అచ్చువేసిన మోడల్ నంబరు చూశాడు. ఆ మోడల్ ఫైలు తన దగ్గరే ఉంది, పోయిన వారమే ఇంకెవరిదానికో వాడాడు. అదృష్టమే అనుకున్నాడు.

సంపూర్ణమ్మ బల్ల మీద కూర్చుని లేసు తీసింది గానీ సూది కదలడం లేదు. కళ్లు రెండూ ల్యాప్‌టాప్ తెర మీదే. అచ్చిబాబు వరసగా ఉన్న గడుల్లో ఒకదాంట్లో టిక్కు తీసేశాడు.

"ఇప్పుడు తీసేసింది ఏంటండి?"

"మీ సామానున్న గదండి. దాన్ని ముట్టుకోవద్దని చెప్పాను."

"మరి ఆ పైన ఎర్రగా రాసిందేంటి?"

"అది అన్నిటికీ వస్తుందమ్మా. కంగారుపడకండి."

"ఇది మా ఫోనుదేనా, ఆ ఫైలు?"

"అమ్మా, పదేళ్లుగా ఇదే పని నాది" అన్నాడు అచ్చిబాబు కాస్త విసుగ్గా. మళ్లీ ఒకసారి టిక్కు లేదని చూసుకున్నాడు. ఫోను పక్కనున్న శబ్దం బటన్లు రెండూ నొక్కిపట్టి తీగ గుచ్చాడు. ఎర్రగీత ఒకటి తెర అడుగున పాకింది. దాని వెనకే పసుపు గీత మెల్లగా నిండడం మొదలైంది. పైన ఫ్యాను తిరుగుతున్నంతసేపూ అతను దానివంకే చూస్తూ కూర్చున్నాడు. ఆగితే అయిపోయినట్టే. ఫ్యాను ఆగలేదు. పసుపు గీత నిండింది, ఆకుపచ్చ టిక్కు పడింది. అమ్మయ్య అనుకున్నాడు.

తీగ పీకి పవర్ బటన్ నొక్కాడు. ఫోను వెలగలేదు.

మళ్లీ నొక్కాడు, గట్టిగా, చాలాసేపు. కంపెనీ బొమ్మ కాదు కదా, చిన్న వణుకు కూడా రాలేదు. చార్జరు పెట్టాడు. తెర నల్లగానే ఉంది. ఇందాక వెలిగి ఆరుతున్న సెట్టు ఇప్పుడు పూర్తిగా చచ్చిపోయింది. అదే సమయానికి కరెంటు పోయింది. ఫ్యాను మెల్లమెల్లగా ఆగింది.

కస్టమర్ల ఫోన్లు చావడం అచ్చిబాబుకు కొత్త కాదు. అలాంటప్పుడు అనడానికి ఆ వృత్తిలో అందరికీ ఒక మాట ఉంది. 'బోర్డు పోయిందండి.' ఆ మాట అన్నాక ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. బోర్డు ఎవరికీ కనిపించదు. అది ముందే పోయిందో, తన చేతిలో పోయిందో తేల్చేవాడు ఉండడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. సంపూర్ణమ్మ లేసు ఒళ్లో పెట్టుకుని అతన్నే చూస్తోంది. ఏడవడం లేదు, అరవడం లేదు. అతను ఏం చెబితే అది నమ్మడానికి సిద్ధంగా ఉంది. అదే అతనికి భరించరానిదైపోయింది.

"అమ్మా, ఈ సెట్టు ఎక్కడ కొన్నారు?" అన్నాడు.

సెట్టు పుట్టుపూర్వోత్తరాలు ఎవరినీ అడగనివాడు అడిగిన మొదటి ప్రశ్న అది.

"కొనలేదండి. మా చెల్లెలే పంపింది, మొదటి ఇంట్లో ఉన్నప్పుడు. ఊరోళ్లు ఎవరో వస్తుంటే వాళ్ల చేతికిచ్చింది."

"కువైట్ సెట్టా?"

"ఆ. వెనక అట్ట పగిలిపోతే మొగల్తూరులో కొత్తది వేయించాను. ఏం?"

అచ్చిబాబు కుర్చీలోంచి లేచి, ఎందుకు లేచాడో తెలియక మళ్లీ కూర్చున్నాడు. పేరు ఒకటే, రూపం ఒకటే. కానీ ఇక్కడ అమ్మేదాని బోర్డు వేరు, గల్ఫ్‌లో అమ్మేదాని బోర్డు వేరు. దాని ఫైలు దీనికి పనికిరాదు. మొగల్తూరువాడు ఇక్కడి అట్ట తెచ్చి కువైట్ సెట్టుకు తగిలించాడు. ఇంటికో కువైట్ ఫోనున్న తాలూకాలో బతుకుతూ, వెనక అట్ట మీది నంబరు నమ్మాడు తను. అట్ట విప్పి బోర్డు మీద రాసింది చదివితే తేలిపోయేది. అంతకంటే సులువుగా, ఒక్క మాట అడిగితే తేలిపోయేది.

"నేను తప్పు చేశానండి. వేరేదాని ఫైలు వేశాను" అన్నాడు.

"అంటే... పోయినట్టేనా?"

"పోలేదు. మీ గది ముట్టుకోలేదు. సరైన ఫైలు వేస్తే లేస్తుంది. లేవాలి."

సంపూర్ణమ్మ లేచి నిలబడింది. "అడగొచ్చుగా బాబూ? వచ్చినకాడ్నుంచీ నేను అడుగుతానే ఉన్నాను. ఇదేంటి, అదేంటి అని. ఇది ఎక్కడిదని మీరు నన్ను ఒక్క మాటడిగారా? నోట్లో మాట నోట్లోనే ఉంది, రోగం మీరే చెప్పేశారు. గొప్పోళ్లనుకున్నాను."

అచ్చిబాబు తల దించుకున్నాడు. నిండా సిగ్గేసింది. దానికంటే ఎక్కువగా భయమేసింది. ఎక్కడో ఒక గేటు లోపల, బియ్యం డబ్బా పక్కన నిలబడి ఉన్న మనిషి అతని కళ్లముందు మెదిలింది. ఇందాకటిదాకా ఆమె ఒక కథలోని మనిషి. ఇప్పుడు ఆమె బతుకు తన చేతిలో ఇరుక్కుంది.

"తిట్టండమ్మా, తర్వాత ఎంతైనా తిట్టండి. ముందు కరెంటు కావాలి."

ఆ సందులో కరెంటున్న చోటు ఒక్కటే, పక్కనున్న వీరమ్మ కూల్‌డ్రింకు షాపు. ఐస్‌క్రీములు కరిగిపోకుండా ఆవిడ జనరేటర్ పెట్టుకుంది. ఆ జనరేటర్ మోతకు తల పగిలిపోతోందని మునిసిపాలిటీకి అర్జీ పెట్టిన మహానుభావుడు అచ్చిబాబే. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. చల్లకొచ్చి ముంత దాచే వేళ కాదిది. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని నేరుగా వెళ్లి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"వీరమ్మగారూ, మీ జనరేటర్ మీద కాసేపు దీన్ని పెట్టుకోనివ్వండి."

వీరమ్మ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. "ఏంటి, మా జనరేటర్ మోత ఇప్పుడు చెవికింపుగా ఉందా?"

"ఎంత మాటైనా అనండి. వీళ్ల చెల్లెలు కువైట్‌లో ఇరుక్కుపోయింది. ఆ చోటు ఈ ఫోనులో ఉంది. నేను దీన్ని పాడుచేశాను."

వీరమ్మ సంపూర్ణమ్మ వైపు చూసింది. ఐస్‌క్రీం పెట్టె తీగ పీకేసి ఆ ప్లగ్గు అతనికిచ్చింది. "కరిగితే కరగనీ. పెట్టుకో" అంది.

మోటారు మోతలో, సోడాసీసాల మధ్య అచ్చిబాబు కూర్చున్నాడు. సెల్ మెకానిక్‌లందరూ ఫైళ్లు పంచుకునే గ్రూపొకటుంది. రావులపాలెంనుంచి దుబాయ్ దాకా అందులో మనుషులున్నారు. కువైట్ సెట్టుకు ఫైలు కావాలని, ప్రాణం మీదికొచ్చిందని రాశాడు. ఎప్పుడూ జవాబులు చెప్పడమే గానీ అతను అందులో సాయం అడగడం అదే మొదలు. ఒకతను వెంటనే ఫైలు పంపాడు. చూస్తే అది పాతది, ఆ మోడల్ కొత్తగా వచ్చినప్పటి ప్రోగ్రాం.

"వచ్చింది కదండీ, వేయండి మరి" అంది సంపూర్ణమ్మ.

"ఇది మీ ఫోనులో ఉన్నదానికంటే పాతదమ్మా. వేస్తే సెట్టు లేస్తుంది. మీ గది తాళం మాత్రం తెరుచుకోదు, ఎప్పటికీ. దీనికి సమానమైనది గానీ, ఇంకా కొత్తది గానీ కావాలి."

అచ్చిబాబు ఫోను మోగింది. సంపూర్ణమ్మ ఇందాక వీరమ్మ ఫోనులోంచి చేసి ఆ నంబరే చంద్రరావుగారికి ఇచ్చింది. స్పీకరు పెట్టారు.

"అమ్మా, ఏమైంది? అక్కడ మనవాళ్లు బండి పక్కనే నిలబడి ఉన్నారు. పోలీసు స్టేషన్లో మన మాట వినే ఆఫీసరు డ్యూటీ దిగిపోయే వేళయింది. ఆయన వెళ్లిపోతే మళ్లీ సెలవులయ్యాకే."

"చేస్తన్నారండి. చేస్తన్నారు" అంది సంపూర్ణమ్మ. తప్పు సంగతి ఆయనకు చెప్పలేదు.

ఫోను పెట్టేశాక అచ్చిబాబు చూపు మళ్లీ ఆ పాత ఫైలు మీదికే పోయింది. అది వేస్తే తెరైనా వెలుగుతుంది. చచ్చిన సెట్టును లేపానని చెప్పుకోవచ్చు. తాళం తెరుచుకోకపోతే అది కంపెనీవాడి పాపం. అతని చేయి మౌస్ దాకా వెళ్లింది. వెళ్లినట్టు సంపూర్ణమ్మా చూసింది. అచ్చిబాబు చేయి వెనక్కు తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ కాసేపు వాళ్లు ముళ్ల మీద కూర్చున్నట్టే కూర్చున్నారు. వీరమ్మ రెండు గోళీసోడాలు కొట్టి ముందు పెడితే ఇద్దరూ ముట్టుకోలేదు.

గ్రూపులో కొత్త మాట పడింది. యానాంలో షాపున్న ఒకతను రాశాడు. మొన్నే ఒక కువైట్ సెట్టుకు వాడిన ఫైలు తన దగ్గరుందట, పోయిన నెలదట, గ్రూపులో పెడుతున్నాడట. అచ్చిబాబు ఆ పేరు వంక చూసి రెండు చేతులూ జోడించాడు. ఫైలు దిగడం మొదలైంది. మధ్యలో జనరేటర్ గొంతు మారితే వీరమ్మ పరుగున వెళ్లి డీజిల్ పోసి వచ్చింది.

ఈసారి అచ్చిబాబు తొందరపడలేదు. ఫోను వెనక అట్టను వేడిచేసి, పల్చటి రేకుతో ఊడదీశాడు. బోర్డు మీద చీమతలంత అక్షరాలున్నాయి. భూతద్దం తెచ్చి సంపూర్ణమ్మ చేతికిచ్చాడు.

"మీకు ఇంగ్లీషు అక్షరాలొచ్చా అమ్మా?"

"చర్చిలో పిల్లలకి చెప్పేది నేనే బాబూ."

"అయితే బోర్డు మీదవి మీరు చదవండి. ఫైలు మీదవి నేను చూస్తాను. ఒక్కటి తేడా వచ్చినా ఆపేయండి నన్ను."

ఆమె ఒక్కో అక్షరం, ఒక్కో అంకె బిగ్గరగా చదివింది. అతను తెర మీద వేలు పెట్టి ఒక్కోటి సరిచూశాడు. చివరిదాకా కలిసింది. మళ్లీ మొదట్నుంచి చదవమన్నాడు, చదివింది. గడిలో టిక్కు తీసేసి, "ఇది మీ గది, తీసేశాను, చూడండి" అన్నాడు. ఆమె వంగి చూసి తల ఊపింది. బటన్లు నొక్కిపట్టి తీగ గుచ్చాడు.

ఎర్రగీత. పసుపు గీత. మధ్యలో ఒకచోట కదలకుండా నిలబడింది. వీరమ్మ కౌంటరు వదిలి వచ్చి వెనక నిలబడింది. గీత కదిలింది. నిండింది. ఆకుపచ్చ టిక్కు.

ఇందాకా ఆ టిక్కే పడింది. అందుకే ఎవరూ అమ్మయ్య అనుకోలేదు. అతను పవర్ బటన్ నొక్కాడు. ఫోను చేతిలో చిన్నగా వణికింది. కంపెనీ బొమ్మ వచ్చింది. వచ్చి అలాగే ఉండిపోయింది. సంపూర్ణమ్మ కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది. అచ్చిబాబు దేవుణ్ని తలుచుకునే మనిషి కాదు గానీ, ఆ పెదాల కదలిక ఆగకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాడు. బొమ్మ ఆరిపోయింది. అంతలోనే తెల్లటి వెలుతురొచ్చి, గీత గీయమంటూ తొమ్మిది చుక్కలు కనిపించాయి.

"మీదే. గీయండి" అన్నాడు.

సంపూర్ణమ్మ మొదటిసారి తప్పు గీసింది. రెండోసారి తాళం తెరుచుకుంది. చెల్లెలి కూతురు యూనిఫాంలో నవ్వుతున్న ఫోటో వచ్చింది. గది గదిలాగే ఉంది, సామాను కదల్లేదు. ప్రిస్కిల్లా పేరు కింద మ్యాపు బొమ్మ, దాని మీద ఎర్రటి గుర్తు. అచ్చిబాబు మరో మాట మాట్లాడకుండా దాన్ని చంద్రరావుగారికి పంపాడు. పంపి ఫోన్ కూడా చేశాడు. "వచ్చింది, వచ్చింది, పంపేశాను" అని ఆయన పెట్టేశారు.

అప్పుడు ఫోను టింగుమంది. ఆ మ్యాపు బొమ్మ కింద కొత్తవి దిగాయి, అన్నిటికంటే చివరిది ప్రిస్కిల్లా గొంతుది, అప్పటికి కాసేపటి క్రితం పంపింది. జనరేటర్ మోతలో వినపడలేదు. వీరమ్మ వెళ్లి జనరేటర్ ఆపేసింది.

"అక్కా... రెండు రోజుల్నుంచీ నీకేం పంపినా ఒక్క టిక్కే పడతంది. చూశావో లేదో తెలవదు. నీకేమన్నా అయిందేమో, నాకు చెప్పేవాళ్లెవరు. మేడం మళ్లీ అడిగింది, తోటకి పోతావా, ఇక్కడే తన్నులు తింటావా అని. సరే పోతానన్నాను. బండి ఇవాళ మధ్యాన్నమే వస్తదంట. పాపని..." అక్కడ ఎవరో పిలిచినట్టున్నారు, మాట తెగిపోయింది.

"అక్కడిప్పుడు మధ్యాహ్నమే" అన్నాడు అచ్చిబాబు. చేయి దానంతటదే ఫోను చేసే గుర్తు మీదికి పోయింది. సంపూర్ణమ్మ ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

"వద్దు. మోగితే దొరికిపోతది."

"ఇంకాసేపు ఆగమని చెబుదామండి, ఎవరో వస్తున్నారని..."

"వద్దన్నానా!"

ఆ చేయి ఆమె వదల్లేదు. అలాగే పట్టుకుని కూర్చుంది. చెయ్యాల్సింది ఏమీ మిగల్లేదు. ఇంతసేపూ తీగలు, ఫైళ్లు, గీతలు ఉన్నాయి, చేతులకు పని ఉంది. ఇప్పుడు ఎదురుచూడటమొక్కటే. ఇందాక తప్పు ఫైలు వేయకపోతే ఎప్పుడో పంపి ఉండేవాళ్లం అని అచ్చిబాబు మనసు అదే పనిగా లెక్క కడుతోంది. ఆ లెక్క ఆమె కూడా కడుతోందా అని ఆమె ముఖం చూడ్డానికి అతనికి ధైర్యం చాలలేదు. పెట్టెలో ఐస్‌క్రీములు కరిగి నేల మీదికి కారుతున్నాయి. వీరమ్మ వాటివంక చూడనేలేదు.

చంద్రరావుగారి ఫోను వచ్చేసరికి సందులో నీడలు గోడలెక్కాయి. మళ్లీ స్పీకరు పెట్టారు.

"అమ్మా, దొరికింది! మనవాళ్లు వెళ్లేసరికి గేటు ముందు బండి ఆగి ఉందంట. సామాను అప్పటికే డిక్కీలో పెట్టేశారంట. పోలీసులు బండి ఆపారు. మనిషి మనవాళ్ల దగ్గరే ఉంది. ఉండండి, కలుపుతున్నాను."

లైనులో గాలి హోరు వినిపించింది. తర్వాత ఊపిరి. ఆ తర్వాత గొంతు.

"అక్కా? అక్కా, నువ్వేనా?"

వచ్చినప్పట్నుంచీ ఒక్క కన్నీటిచుక్క రాల్చని సంపూర్ణమ్మ, ఫోను రెండు చేతులతో పట్టుకుని నేల మీద కూలబడింది.

"ఫోనెందుకు ఎత్తలేదక్కా? ఏమైంది నీకు?"

అచ్చిబాబు ముందుకు వంగి, తన గుండె మీద చేయి పెట్టుకుని, నావల్లే అని చెప్పమన్నట్టు సైగ చేశాడు. సంపూర్ణమ్మ అతనివంక చూసి అడ్డంగా తల ఊపింది.

"ఏం లేదే. ఫోను చెడిపోయింది. బాగుచేయించాను."

"నువ్విక లేవనుకున్నాను" అంది ప్రిస్కిల్లా. "నువ్వు లేకపోతే ఇంకెక్కడికెళ్తే ఏంటని సరే అనేశానక్కా. నేనే వెళ్లి బండిలో కూర్చున్నాను. వాళ్లేం ఈడ్చుకెళ్లలేదు."

సంపూర్ణమ్మ ఫోనును చెవికి గట్టిగా అదుముకుంది.

"ఉన్నానే" అంది. "ఇదిగో, ఉన్నాను. ఇక్కడే ఉన్నాను." అవతల ఏడుపు వినిపిస్తున్నంతసేపూ ఆమె ఆ మాటే అంటూ ఉండిపోయింది.